‘అవును’ అన్నవాళ్ల పేర్లు కావాలి

మొన్న నర్సాపురం నుంచి సఖినేటిపల్లి వైపు పంటు మీద, అంటే గోదావరి దాటించే పెద్ద పడవ మీద, వస్తున్నాం, నేనూ మా పిన్నీ. పక్కన ఇద్దరు ఫోన్‌లో పాత వీడియో ఒకటి చూస్తున్నారు. 2025 ఫిబ్రవరిలో అమృత్‌సర్‌లో దిగిన అమెరికా మిలిటరీ విమానం, అందులో సంకెళ్లతో వచ్చిన 104 మంది మనవాళ్లు. "దొంగతనంగా వెళ్తే అంతే మరి" అన్నాడు అందులో ఒకాయన. మా పిన్ని ఏమీ అనలేదు. రేవు వచ్చేదాకా నీళ్లకేసి చూస్తూ నిలబడింది.

పిన్నిది రాజోలు దగ్గర పల్లెటూరు. కువైట్ వెళ్లేనాటికి ఆవిడకి ముప్పై ఏళ్లు నిండలేదు. పదో తరగతి పాసవని ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలని కేంద్రం నిబంధన ఉంది. ఆ సంగతి ఏజెంటుకి తెలుసు, పిన్నికి తెలీదు. అందుకే విజిట్ వీసా మీద ముందు దుబాయ్‌లో దింపి, అక్కణ్ణుంచి కువైట్ ఎక్కించాడు, దానికి లక్ష పైన తీసుకున్నాడు. చేరిన ఇంట్లో పాస్‌పోర్టు లాగేసుకున్నారు, ఏడు నెలల జీతం ఎగ్గొట్టారు, ఒకరోజు చెత్త పారేసే మిషతో ఆవిడ బయటికొచ్చి మళ్లీ లోపలికి వెళ్లలేదు. ఆ తర్వాత రెండేళ్లు ఆకామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, లేకుండా బతికింది. అలాంటివాళ్లని అక్కడ ఖల్లివల్లి అంటారు, మన కోనసీమలో చాలా ఇళ్లలో ఆ మాట తెలుసు. చివరికి 2018లో కువైట్ ఆమ్నెస్టీ (కాగితాల్లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోయే క్షమాభిక్ష) ఇస్తే, పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ మీద ఇల్లు చేరింది. ఆ ఔట్‌పాస్ జెరాక్స్ ఇప్పటికీ బీరువాలో రేషన్ కార్డు వెనకాల దాచుకుంది. అందులో ఫొటో చూస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమర్చుతాయి, మొహం అంత పీక్కుపోయి ఉంటుంది.

వచ్చిన కొత్తలో ఆ ఏజెంటు మీద అర్జీ పట్టుకుని ఒక ఎమ్మెల్యే గారి ఆఫీసుకి వెళ్లాం. అక్కడున్నాయన కాగితం పూర్తిగా చదవకుండానే "ఇది సెంట్రల్ సబ్జెక్ట్ అండీ, మన చేతిలో లేదు" అన్నాడు. అప్పుడు నాకు ఏమీ తెలీదు, నమ్మేసి వచ్చేశాను. ఇప్పుడు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఆయన చెప్పింది సగం నిజం. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో దేశంలోకి రావడం, దేశం నుంచి వెళ్లడం, పాస్‌పోర్టు, వీసా అన్నీ కేంద్రం జాబితాలోనే ఉన్నాయి. కానీ పంజాబ్ 2012లోనే తన అసెంబ్లీలో మనుషుల అక్రమ రవాణా మీద చట్టం చేసి, ట్రావెల్ ఏజెంట్లకి లైసెన్సు తప్పనిసరి చేసింది. దేశం దాటించేది కేంద్రం పరిధి, ఊళ్లో షట్టర్ తెరిచి డబ్బు వసూలు చేసేవాడు రాష్ట్రం పరిధిలోనే ఉన్నాడు కదా. కేంద్రం 1983లో చేసిన ఎమిగ్రేషన్ చట్టాన్ని చూస్తే, రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపినవాడికి రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటే రెండు వేల రూపాయల దాకా. రెండు వేలు! లక్ష పైన తీసుకున్నవాడికి.

ఇక అమెరికా సంగతి. మా పెద్దమ్మ మనవడు ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాడు, హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద. "బాబాయ్, కూరగాయలకి వెళ్లినా వీసా కాగితాలు దగ్గర పెట్టుకునే వెళ్తాను" అన్నాడు ఫోన్‌లో, ఎందుకంత టెన్షన్ రా అంటే ఆరిజోనా కథ మొత్తం చెప్పాడు. తర్వాత నేనూ కూర్చుని చదివాను.

అక్కడ కూడా ఇమిగ్రేషన్ అంటే కేంద్రం, అంటే ఫెడరల్ ప్రభుత్వం చూసుకునేదే. అయినా 2010లో ఆరిజోనా తన సొంత చట్టం తెచ్చింది, ఎస్‌బీ 1070 అని. విదేశీయుడు కాగితాలు దగ్గర లేకుండా తిరిగితే రాష్ట్ర నేరం, అనుమతి లేకుండా పని వెతుక్కున్నా నేరం, ఏదో కారణంతో ఆపిన మనిషి మీద అనుమానం వస్తే పోలీసులు అతని స్టేటస్, అంటే దేశంలో ఉండే హక్కు ఉందో లేదో, తేల్చాలి. 2012లో అమెరికా సుప్రీంకోర్టు విచారించిన నాలుగు నిబంధనల్లో మూడింటిని కొట్టేసింది, ఆ పోలీసు తనిఖీ మాత్రం ఉంచింది.

నన్ను ఆలోచనలో పడేసింది కోర్టు తీర్పు కాదు. ఆ బిల్లు తెచ్చిన మనిషికి ఒక పేరుంది, రసెల్ పియర్స్. చాండ్లర్ పక్కనే ఉన్న మేసా నుంచి సెనెటర్, తర్వాత రాష్ట్ర సెనెట్ అధ్యక్షుడు కూడా అయ్యాడు. మేసా జనం సంతకాలు సేకరించి పదవీకాలం మధ్యలోనే ఆయన్ని దింపాలా వద్దా అని రీకాల్ ఎన్నిక పెట్టించారు. 2011 నవంబర్ 8న ఆయన ఓడిపోయాడు, అదీ తన సొంత పార్టీ మనిషి చేతిలోనే. ఆయన ఓటమికి ఆ చట్టం ఒక్కటే కారణమని నేను అనను. జనం మనసు అలాగే ఉండిపోయిందనీ అనను, ఎందుకంటే 2024లో గవర్నర్ ఇలాంటి బిల్లునే వీటో చేస్తే, చట్టసభ అలాంటిదాన్నే నేరుగా ప్రజల ఓటుకి పెట్టింది, జనం గెలిపించారు. నాకు బాధ కలిగించే ఫలితమే, కానీ అది జనం చేతుల మీదుగా, లెక్కతో జరిగింది. 2010 నాటి బిల్లుకి దిగువ సభలో 35–21, సెనెట్‌లో 17–11 ఓట్లు, ఆ అంకెల వెనక ఒక్కొక్కరి పేరూ ఉంది, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

అలబామాలో అయితే 2011లో ఇంకా కఠినమైన చట్టం తెచ్చారు, బడిలో చేరే పిల్లల స్టేటస్ కూడా అడగమన్నారు. కూలీలు భయపడి వెళ్లిపోతే టమాటాలు తోటల్లోనే కుళ్లాయి. మాసూళ్ల వేళ మనుషులు దొరక్క చేలో పంట తడిస్తే ఎలా ఉంటుందో మన డెల్టా రైతుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి మన సంగతి? 175 మంది ఉన్న మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో స్పీకర్ గారు "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి" అంటారు, అవును అని ఒక కేక వినిపిస్తుంది, బిల్లు పాసయిపోతుంది. దాన్నే మూజువాణి ఓటు అంటారు. ఎవరు అన్నారు, ఎవరు ఊరుకున్నారు, ఎవరు ఆ పూట సభకే రాలేదు, ఆ ఓటుని బట్టి మనకి తెలిసే దారి లేదు. సభ్యులు అడిగితే పేరుపేరునా ఓటింగ్ పెట్టే వీలుంది, అడిగేవాళ్లే కరువు. పైగా 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది కాబట్టి ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ ఇస్తే దాన్ని కాదని ఓటేసినవాడి పదవే పోవచ్చు. రీకాల్ అంటారా, ఎమ్మెల్యేని మధ్యలో దింపే హక్కు మనకి అసలు లేదు. ఐదేళ్లకోసారి వచ్చే ఆ ఒక్క రోజు దాకా ఆగాల్సిందే, ఆ రోజు కూడా మనం కులం చూస్తాం, కవరు చూస్తాం, గల్ఫ్ ఏజెంట్ల గురించి సభలో ఒక్కసారైనా నోరు విప్పాడా అని చూడం.

పంటు మీద ఆయన "దొంగతనంగా" అన్నప్పుడు నాకు కోపం వచ్చింది అందుకే. మా పిన్ని దొంగ కాదు. ఆవిడ చేతిలో ఉన్న ప్రతి కాగితం ఎవడో ఒకడు డబ్బు తీసుకుని ఇచ్చిందే. ఆ డబ్బు తీసుకున్నవాడిని అడ్డుకునే చట్టం చేసే అధికారం ఉన్నవాళ్లు మన ఓట్లతోనే కూర్చున్నారు, వాళ్లని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

అందుకని మళ్లీ అర్జీ రాశాను. ఏజెంట్ల గురించి ఈ సమావేశాల్లో ప్రశ్న వేస్తారా, పంజాబ్ లాంటి లైసెన్సు చట్టం కోసం బిల్లు పెట్టమని అడుగుతారా, బిల్లు వస్తే పేరుపేరునా ఓటింగ్ కోరతారా, ఈ మూడే. పిన్నికి చదివి వినిపించాను. "నోటితో చెబితే వద్దురా, కాగితం మీద రాసివ్వమను" అంది. ఆ మాట కూడా చివర్లో చేర్చాను.

సోమవారం వెళ్తున్నాం, ఈసారి పిన్ని కూడా లోపలికి వస్తానంది. ఔట్‌పాస్ జెరాక్స్ మరో రెండు కాపీలు తీయించాం. మీ ఇంట్లో కూడా ఇలాంటి కాగితం ఉంటే పట్టుకుని రండి, కలిసి వెళ్దాం.