పాముకి జలుబేంటి అన్నారు

పాముకి దగ్గడం రాదు. మనకి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రమ్ దానికి ఉండదు. అందుకని ఊపిరితిత్తుల్లో కఫం చేరితే గట్టిగా దగ్గి బయటికి నెట్టే దారి లేదు. చేరినది చేరినట్టే పేరుకుపోతుంది. ఈ సంగతి తెలిసిన డాక్టర్ దొరకడానికే మాకు చాలా సమయం పట్టింది. ఇప్పుడు మా పెంపుడు పాము బంగారి బాగుంది, తింటోంది, బరువు కూడా పుంజుకుంది. అందుకే కూర్చుని రాయగలుగుతున్నాను. మొన్నటిదాకా దాని పేరెత్తితేనే గొంతు పూడుకుపోయేది.

బంగారి బాల్ పైథాన్, అంటే ఒక రకం కొండచిలువ. ఈ జాతి పాములు తిండి మానేయడం వింత కాదు. ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా నెలల తరబడి తినకుండా ఉండగలవు. బరువు నిలకడగా ఉన్నంతకాలం భయం లేదు. కాబట్టి అది తినకపోతే నేను కంగారుపడలేదు. కంగారుపెట్టింది చప్పుడు. చేతుల్లోకి తీసుకుంటే, ఊపిరి వదిలినప్పుడల్లా టిక్, టిక్ మని సన్నగా వినిపించేది. కుబుసం విడిచే ముందు ముక్కు రంధ్రాల్లో పాత చర్మం అడ్డుపడి కొన్ని పాములకి ఇలాంటి చప్పుడు వస్తుంది, కుబుసం ఊడాక పోతుంది. బంగారి కుబుసం విడిచింది. చప్పుడు మాత్రం పోలేదు. పెట్టె అద్దం మీద, అది మూతి ఆనించిన చోటల్లా జిగురు మరకలు కనిపించసాగాయి.

మొదట చూపించిన డాక్టర్ నవ్వారు. "పాముకి జలుబేంటండీ! మీరు మరీ సుకుమారంగా చూస్తున్నారు" అన్నారు. నోరు తెరిచి చూడలేదు, బరువు తూచలేదు, పెట్టెలో వేడి ఎంత ఉంటోందని అడగలేదు. ఒక విటమిన్ ఇంజెక్షన్ చేసి పంపించేశారు. ఆ నవ్వు నేను ఇప్పటికీ క్షమించలేదు. తెలియకపోవడం తప్పు కాదు, "పాముల గురించి నాకు తెలీదు, తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంట్లో అక్క కూడా మామూలుగానే, ఏదో ఓదారుస్తున్నట్టు, "పోతే పోయిందిలేవే, ఇంకోటి తెచ్చుకుందువు" అంది. నేను అక్కతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. లైటు వేసి చూస్తే బంగారి తలని, మెడని నిటారుగా పైకెత్తి అద్దానికి ఆనించి ఉంది. నోరు తెరుచుకుని ఉంది. పాము ఊరికే నోరు తెరుచుకుని ఊపిరి పీల్చదు, ముక్కుతో ఇక వల్ల కానప్పుడే ఆ పని చేస్తుంది. దగ్గరికెళ్లి చూశాను. నోట్లో కింది భాగాన, నాలుక బయటికొచ్చే చోటుకి కాస్త వెనక, శ్వాసగొట్టం మొదలు చిన్న చీలికలా కనిపిస్తుంది. అది తెరుచుకున్నప్పుడల్లా అక్కడ ఒక బుడగ పొంగుతోంది, మూసుకోగానే పగిలి పెదవి అంచున తీగలా సాగుతోంది. మళ్లీ పొంగుతోంది. గొంతు కింద చర్మం ఉబ్బి ఉంది. ఆ వేళప్పుడు పామును చూసే ఆసుపత్రి ఏదీ తెరిచి లేదు. ఫోన్‌లో ఎవరో నీలగిరి నూనె వేసి ఆవిరి పట్టమన్నారు. ఆ పని చేయనందుకు దేవుడికి ఎన్ని దండాలు పెట్టుకున్నా తక్కువే. ఆ ఘాటు నూనెలు పాము ఊపిరితిత్తులని ఇంకా పాడుచేస్తాయని తర్వాత తెలిసింది. తెల్లారేదాకా పెట్టె వేడి పడిపోకుండా చూస్తూ, తడి గాజుగుడ్డతో దాని పెదవులు తుడుస్తూ కూర్చున్నాను. "స్వామీ, దీనికి నోరు లేదు, దగ్గు కూడా రాదు, నువ్వే చూసుకోవాలి" అని పైకే అనేశాను. తమ్ముడు పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

రెండో డాక్టర్ సరీసృపాలకే వైద్యం చేసే ఆవిడ. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "వేడి ఎంత?" అని. పాముకి సొంత వేడి ఉండదు, చుట్టూ ఉన్న వేడి తగ్గితే రోగాన్ని ఎదిరించే శక్తి కూడా తగ్గుతుంది, అప్పుడు ఎంత మంచి మందు ఇచ్చినా సగమే పనిచేస్తుంది అన్నారు. వెచ్చటి వైపు 32 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 26, 27, రాత్రిపూట కూడా తగ్గనివ్వొద్దని, అద్దానికి అతికించే గుండ్రటి మీటర్‌ని నమ్మొద్దని, పాము పడుకునే చోటే డిజిటల్ ప్రోబ్ పెట్టి చూడమని చెప్పారు. ఎక్స్‌రే, శ్వాసగొట్టం కడిగిన నీటి కల్చర్ (అందులో ఏ క్రిమి పెరుగుతుందో చూసే పరీక్ష), నోటి స్వాబ్, అన్నీ చకచకా అయిపోయాయి.

స్వాబ్ ఎందుకో ఆవిడ దాచకుండా చెప్పారు. పైథాన్లలో ఇలాంటి శ్వాస జబ్బుకి నిడోవైరస్ కూడా కారణం కావచ్చు, దాన్ని 2014లోనే బాల్ పైథాన్లలో గుర్తించారు, అదైతే నయం చేసే మందు లేదు. ఆ రిపోర్ట్ వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. నెగెటివ్ వచ్చింది. కల్చర్‌లో స్యూడోమోనాస్ అనే బాక్టీరియా పెరిగింది. అంటే మందు ఉంది. ఆవిడ ఫోన్‌లో ఆ మాట చెబుతుంటే మెట్ల మీదే కూలబడ్డాను.

మందు సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్. ప్రతి 72 గంటలకొక ఇంజెక్షన్, మోతాదు గ్రాముల్లో తూచిన బరువును బట్టి. ఒక్కో డోసు విడివిడిగా చిన్న సిరంజిల్లో నింపి, ఫ్రీజర్‌లో పెట్టుకోమని ఇచ్చారు. ఒకటి తీసి గుప్పిట్లో పెట్టుకుంటే కాసేపటికి కరుగుతుంది. ఒంటి ముందు భాగంలోనే వెయ్యాలి, ఎందుకంటే పాముల్లో వెనక భాగం నుంచి వచ్చే రక్తం ముందు కిడ్నీల మీదుగా వెళ్తుంది. తమ్ముడికి పాములంటే భయం. అయినా ప్రతిసారీ వాడే పట్టుకున్నాడు. మొదటిసారి వాడి చేతులు వణకడం నాకు స్పష్టంగా కనిపించింది. పొలుసుల సందులోంచి సూది దింపుతుంటే బంగారి ఒళ్లంతా ఒక్కసారి బిగుసుకుని, వాడి మణికట్టుని చుట్టేసింది. వాడు వదల్లేదు. "కానీ అక్కా, కానీ" అంటూనే ఉన్నాడు. వాడికి నేను థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు, ఇది చదువుతాడని ఇక్కడ చెబుతున్నాను.

చప్పుడు తగ్గుముఖం పట్టాక కూడా మందు ఆపనివ్వలేదు డాక్టర్. పాము బాగానే కనిపిస్తూ లోపల రోగాన్ని దాచుకోగలదు, పైకి తెలిసేలా నలతగా ఉందంటే అప్పటికే ముదిరిందన్నమాట. అందుకే మీ ఇంట్లో పాము ఉంటే దాన్ని రోజూ కాస్త దగ్గరగా చూడండి. పెదవుల మధ్య తీగలా సాగే లాలాజలం, అద్దం మీద మరకలు, ఊరికే పైకెత్తి ఉంచే తల, బరువు తగ్గడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వారం ఆగి చూద్దామనుకోకండి. నోటి లోపల ఎర్ర చుక్కలు గానీ, పెరుగు ముక్కల్లాంటి చీము గానీ కనిపిస్తే అది నోటి పుండు, దానికీ డాక్టరే. కంటి మీద పాత పొర ఊడకపోతే గోటితో గీకకండి. మనుషుల మందులు పెట్టకండి. మిమ్మల్ని చూసి నవ్వే డాక్టర్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి.

రెండో ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. ఆ తర్వాతే తిండి పెట్టమన్నారు, అదీ ఎప్పుడూ పెట్టేదానికంటే చిన్నది. బంగారి ముందు వాసన చూసి తల తిప్పేసుకుంది, లైటు ఆర్పి మేం బయటికెళ్లాక తినేసింది. అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఏడ్చింది. మా మధ్య కోపం అలా పోయింది. ఆ మొదటి డాక్టర్ మీద కోపం మాత్రం పోలేదు. కల్చర్ రిపోర్ట్ కాపీ ఒకటి ఆయనకి పంపించాను, జవాబు రాలేదు.

ఈమధ్య తెలిసినవాళ్లు తమ దగ్గరున్న ఇంకో పైథాన్‌ని ఇస్తామన్నారు. వేరే గదిలో కనీసం 90 రోజులు విడిగా ఉంచి, నిడోవైరస్ పరీక్ష చేయించాకే బంగారి ఉన్న గదిలోకి తెస్తానన్నాను. మా పాముకి రోగమంటావా అని వాళ్లకి కోపమొచ్చింది. రానివ్వండి.