బందరు రోడ్డు అని చెప్పమ్మా

మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. విజయవాడ వచ్చిన కొత్తలో, అందరం మాట్లాడేది తెలుగే అయినా సగం పేర్లు నాకు అర్థమయ్యేవి కావు. చీటీలో మహాత్మాగాంధీ రోడ్డు అని ఉంటే షేర్ ఆటో ఆయన అది చూసి, "బందరు రోడ్డు అని చెప్పమ్మా, ఎక్కు" అన్నాడు. మచిలీపట్నం వెళ్లే దారి కదా, ఆ ఊరిని ఇక్కడ ఇప్పటికీ బందరనే అంటారు. కారల్ మార్క్స్ రోడ్డూ అంతే, జనం నోట్లో అది ఏలూరు రోడ్డే.

పీఎన్‌బీఎస్ అంటే పండిట్ నెహ్రూ బస్ స్టేషన్. వన్‌టౌన్ అంటే కాళేశ్వరరావు మార్కెట్ వైపు పాత ఊరు, ఇది మా హాస్టల్ పక్క టిఫిన్ బండి పిన్నిగారు ఇడ్లీ మీద కారప్పొడి చల్లుతూ చెప్పారు.

అన్నిటికన్నా నచ్చింది రైలు టికెట్ మీది బీజెడ్ఏ. మొదట చూసి వేరే ఊరికి తీశానేమోనని టెన్షన్ పడ్డాను. తీరా చూస్తే అది బెజవాడ! బోర్డుల మీద పేరు మారి ఎన్నేళ్లయినా ఆ మూడక్షరాల్లో పాత ఊరు అలాగే ఉండిపోయింది.

నిన్న స్టేషన్ బయట ఒకావిడ ఎంజీ రోడ్డు ఎటని అడిగితే, బందరు రోడ్డు ఆటో నేనే ఆపి ఎక్కించాను.