ఉప్పుటేట్లో కట్టేసిన పడవ

అంతర్వేది నుంచి కాకినాడకి బోటు మీద వెళ్ళొచ్చానని అందరికీ చెప్పుకోవాలని నా ఆశ. వెళ్ళాను. "వచ్చాను" అనే మాట దగ్గరే చిన్న తిరకాసుంది.

మా మేనత్త కొడుక్కి ఓ చెక్క బోటుంది. ఇంజను ఉందన్న మాటేగానీ పెద్దదేం కాదు. గేరు పట్టేస్తోందని నవంబరులో కాకినాడ తీసుకెళ్తుంటే, నేనూ హైదరాబాద్‌లో సెలవు పెట్టి దిగాను. వెళ్ళిన రోజు గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. చీకటితో, వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ దాటాం. ఎడమచేతి వైపు పొద్దంతా కొబ్బరిచెట్ల గీత. ఓడలరేవు పోయింది, గౌతమి నీళ్ళు సముద్రంలో బురదరంగు చారలా కలిసిన చోట భైరవపాలెం పోయింది. ఈలోగా నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను. పొద్దుగూకే వేళకి హోప్ ఐలాండ్ చాటుకి తిరిగామో లేదో, కుదుపు ఠక్కున ఆగిపోయింది. పేరుకి ఐలాండ్‌గానీ అది పదహారు కిలోమీటర్లకి తక్కువ కాని ఇసుక తిన్నె. గోదావరి తెచ్చి పోసిన మేటే రెండొందల ఏళ్ళలో అంత పొడుగు సాగి, కాకినాడకి గోడలా నిలబడింది. దాని లోపల నీళ్ళు చెరువులా ఉన్నాయి. బతికాన్రా దేవుడా అనుకున్నాను.

కాకినాడ రేవు అంటే నా ఊహలో పెద్ద ఓడలు, గొలుసులు, క్రేన్లు. మేం ఆగింది ఉప్పుటేట్లో, జగన్నాథపురం వంతెనకి దిగువన. బోటు పక్కన బోటు, దాని పక్కన ఇంకో బోటు, ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసి ఉంటాయి. మాది ఒడ్డు నుంచి ఐదోది. అంటే టీ తాగాలన్నా నాలుగు బోట్లు దాటాలి. నాలుగూ నలుగురి ఇళ్ళే. ఒకదాంట్లో మనిషి నిద్రపోతుంటాడు, ఇంకోదాంట్లో స్టవ్ మీద గిన్నె ఉడుకుతుంటుంది. "చూసి అడుగెయ్యండి బాబూ, పప్పుంది" అన్నారు మొదటి రోజు. మూడో రోజుకి "ఎక్కడికీ, టీకేనా? మాక్కూడా రెండు పట్రండి" అన్నారు. అపార్ట్‌మెంట్లో ఆరేళ్ళుగా ఉంటున్నాను, ఎదురు ఫ్లాటాయన పేరు నాకింకా తెలీదు.

గేరు పని ఒకటిన్నర రోజులో అయిపోయింది. ఇంక బయల్దేరడమే అనుకుంటుండగా బంగాళాఖాతంలో వాయుగుండం, పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక. ఈ నంబర్ల వార్త చిన్నప్పట్నుంచీ వింటున్నదే. ఇంట్లో కూర్చుని వింటే మరుసటి రోజు స్కూలుంటుందా ఉండదా అన్నదే లెక్క. బోటు మీద కూర్చుని వింటే వేరు. ఆకాశం చూస్తే నీలంగా ఉంది, గాలి కూడా లేదు. "ఇంత బాగుంటే వెళ్ళిపోవచ్చు కదా?" అని బోటు నడిపే సరంగుని అడిగాను.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. వల ఒళ్ళో వేసుకుని చిరుగులు కడుతున్నాడు. తలెత్తలేదు. ఎడమచేతి చిటికెన వేలుకి వల కన్ను ఒకటి తగిలించి, ప్లాస్టిక్ సూదిలోంచి దారం లాగి, బొటనవేలితో ముడి నొక్కిపట్టి, మళ్ళీ లాగుతాడు. ప్రతి కన్నూ ఒకే కొలత. స్కేలు వేలే. అలా పదో పన్నెండో కళ్ళు కట్టాక అన్నాడు.

"తొంభై ఆరులో కూడా పొద్దున్న ఇలాగే ఉందండి."

ఇంకేం చెప్పలేదు, నేనూ అడగలేదు. 1996 నవంబరు 6 తుఫాను అంటే ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మా ఇంటి పెంకులు పేకముక్కల్లా లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మంచం కింద దాచింది. తెల్లారి చూస్తే పడిపోయిన కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపుకి తలపెట్టి పడుకున్నాయి. మాకు చెట్లు పోయాయి. భైరవపాలెం వైపు వేటకెళ్ళిన మనుషులే తిరిగి రాలేదు.

సరే, వెళ్ళేది లేదు. మరి కాకినాడలో ఏం చేయాలి? బోటు మీద దోమలు పీకుతున్నాయని ఒక రాత్రి లాడ్జికి వెళ్ళాను. ఏసీ లేదు, కిటికీ తెరిస్తే పక్క గోడ, 1,800 రూపాయలు. "ఇంతా?" అంటే "పెళ్ళిళ్ళ సీజనండీ" అన్నాడు. తుఫాను సీజన్ అన్నా ఒప్పుకునేవాణ్ణి. మర్నాడు మళ్ళీ బోటెక్కేశాను. గొట్టం కాజాలు కిలో కొన్నాను. తాపేశ్వరం మడతకాజా గొప్పదా ఇదా అనే గొడవలోకి నేను దిగనుగానీ, కొరకగానే పాకం చొక్కా మీద కారే కాజా నా దృష్టిలో ఒక మెట్టు పైనే.

అసలు ఒళ్ళుమండిన విషయం వేరే ఉంది. హార్బరు ఊళ్ళో ఉండి తాజా చేప తినలేకపోయాను. బోట్లన్నీ ఒడ్డునే ఉంటే చేపలెక్కడివి? కుంభాభిషేకం రేవు దగ్గరికి వెళ్తే ఐసులో పెట్టిన పాత సరుకే ఉంది, దానికీ రెట్టింపు రేటు చెప్పారు. వంజరం ధర విని, కొనేవాడిలా మొప్పలు ఎత్తి చూసి వచ్చేశాను. ఆ మూడు రోజులూ మా భోజనం పప్పుచారు, ఎండుచేప. హైదరాబాద్‌లో మా వీధి చివర ఇంతకన్నా మంచి చేప దొరుకుతుంది అన్నానో లేదో, మా బావ "అయితే అక్కడికే పో" అన్నాడు.

పొద్దుపోక ఉప్పుటేటి గట్టు వెంట నడిచేవాణ్ణి. బార్జీలు కూడా కదలకుండా టార్పాలిన్లు కప్పుకుని వరసగా ఉన్నాయి. ఇక్కడ తీరంలో లోతు తక్కువ, అందుకని పాత రేవుకొచ్చే ఓడలు దూరంగా లంగరేసుకుని నిలబడతాయి. బియ్యం బస్తాలు ఈ బార్జీల్లోనే వాటి దగ్గరికి వెళ్ళాలి. 1997లో వచ్చిన డీప్ వాటర్ పోర్టులోనే ఓడ గట్టుకి ఆనుతుంది. గట్టు మీద ఒలికిన బియ్యం పావురాలు ఏరుకుంటున్నాయి. వాటికి మాత్రం ఏ నంబరూ లేదు.

ఆ గట్టు మీద కూర్చున్నప్పుడే మా ముత్తాత గుర్తొచ్చాడు. అప్పట్లో రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనేవారు. కరువొచ్చినా, అప్పులు పెరిగినా, ఇంట్లో గొడవపడినా రంగం వెళ్ళిపోవడమే. అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు, మన కోరంగి రేవుని బట్టి. మా ముత్తాత కూడా పెట్టె సర్దుకుని, అందర్నీ ఏడిపించి, కాకినాడ వచ్చాడట. స్టీమరు దూరంగా ఉంటుంది, పడవలో వెళ్ళి ఎక్కాలి. ఆయన నాలుగు రోజులు సత్రంలో ఎదురుచూసి, ఐదో రోజు ఇంటికి తిరిగొచ్చేశాడు. "ఏమయ్యా?" అంటే "ఓడ రాలేదు" అన్నాడట. ఓడ వచ్చిందనీ, అదే ఊరివాళ్ళు ఇద్దరు దాంట్లోనే వెళ్ళారనీ తర్వాత తెలిసింది. మా ఇంట్లో ఎవరైనా పని మధ్యలో వదిలేస్తే ఇప్పటికీ "ఓడ రాలేదా?" అంటారు.

మూడో రోజు మధ్యాహ్నం సన్నగా వాన మొదలైంది. నా సెలవు రెండు రోజులే మిగిలింది. ఊరికే చూసొద్దామని ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళాను. నిజంగా ఊరికే. అమలాపురం బస్సు ఉంది, కిటికీ సీటు ఖాళీగా ఉంది, డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. తర్వాత జరిగిందానికి నా బాధ్యత కొంతే.

చొల్లంగి దాటాక మా బావకి ఫోన్ చేశాను. ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. "టిఫిన్ చెయ్యడానికి వెళ్ళావనుకున్నాం" అన్నాడు. కోరంగిలో బస్సు ఎవరి కోసమో ఆగింది. రోడ్డు పక్కన మడ అడవికి దారి చూపించే బోర్డు, జీళ్ళ బండి, గొడుగు కింద ఇద్దరు పిల్లలు. ఓడలు కట్టిన ఊరు, దేశాలకి మనుషుల్ని పంపిన ఊరు, 1839 ఉప్పెనతో రేవుగా దాని కథ ముగిసింది. కండక్టరు రైట్ అన్నాడు. యానాం వచ్చింది, ఎదుర్లంక వంతెన మీద గౌతమిని రెండు నిమిషాల్లో దాటేశాం. రాత్రి తొమ్మిదికి మా అత్తయ్య చేతి చేపల పులుసు తింటున్నాను. చెరువు చేపే, కానీ తాజాది.

వాయుగుండం ఎటో పోయింది. హెచ్చరిక దించేశారు. మర్నాడు చీకటితో పోటు మీద మావాళ్ళు ఉప్పుటేరు దాటి, సాయంత్రానికి అంతర్వేది చేరారు. సముద్రం పళ్ళెంలా ఉందట, మా బావ ఫోన్‌లో కావాలనే రెండుసార్లు చెప్పాడు. నేను రేవులో ఎదురు వెళ్ళి నిలబడ్డాను, కనీసం తాడైనా అందుకుందామని. సరంగు తాడు విసిరాడు, మొదటిసారి నేను పట్టుకోలేకపోయాను.

"ఆయ్, బస్సులో కెరటాలెలా ఉన్నాయండీ?" అన్నాడు, రెండోసారి విసురుతూ.

కాజాల పొట్లం బోటులోనే మర్చిపోయాను కదా, అది ఏదని మా బావని అడిగాను. భైరవపాలెం దగ్గరే అయిపోయాయట.