ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారు

"అప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకున్నవా, నేను నీ చెయ్యి పట్టుకున్ననా?" ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లే ముందు పెద్దమ్మ అడిగిన మాట ఇది. చిన్నప్పుడు హన్మకొండ చౌరస్తాలో రోడ్డు దాటడం గురించట. టెన్షన్ నాది, ముచ్చట్లు ఆమెవి.

కదిలించింది మాత్రం నేనే. సండే స్కూల్ నుంచి చర్చిలోనే పెరిగినా, బాప్తిస్మం తీసుకుని ఇన్నేళ్లయినా, ఒక అబద్ధం ఆడిన రోజు రాత్రి 'నేను ఇంకా రక్షణలోనే ఉన్నానా, నిత్యజీవం ఇంకా నాదేనా' అని డౌట్ వస్తుంది, నీకు రాదా అని అడిగాను.

చదువు రాని మనిషి, ఫోన్‌లో బైబిల్ తెరిచి 1 యోహాను 5:13 తీసి చదవమంది. చదివాను.

"నిత్యజీవం ఉందని 'తెలిసికొనునట్లు' అనే రాసిండు గద బిడ్డా, 'అనుకొనునట్లు' అని రాయలే గద."

ఇన్నేళ్లలో ఆ మాట దగ్గర నేను ఒక్కసారి కూడా ఆగలేదు.

అయితే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా అంటే గుర్రుగా చూసింది. చెయ్యి పట్టుకున్నోడు దెబ్బ కూడా వేస్తాడట.

యోహాను 10:28 బయట కూర్చుని నేనే వెతుక్కున్నా. యేసు చేతిలోంచి ఆయన వాళ్లను ఎవరూ లాక్కోలేరని.

ఆ రోజు మిర్చి బండి కనబడగానే చెయ్యి విదిలించుకోబోయానట, ఆమె వదల్లేదట. మణికట్టు నొప్పి పుట్టిందని ఏడ్చానట కూడా. నాకైతే ఏమీ గుర్తులేదు.

రెండు గంటలైంది. ఇంకా బయటికి తీసుకురాలేదు.