రెండో చుక్క

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో యూట్యూబ్‌లో ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా పెట్టుకున్నారు. నేను పడక్కుర్చీలో కునుకు తీస్తున్నాను. మధ్యలో కళ్లు తెరిచేసరికి బొమ్మకి కుడివైపు పైమూలన ఒక చుక్క తళుక్కుమని పోయింది. నా కుడిచెయ్యి దానంతటదే లేచి పక్కన మోటారు స్విచ్ కోసం వెతికింది. చేతికి మంచినీళ్ల చెంబు తగిలింది. "ఏం కావాలి మావయ్యా?" అంది కోడలు. ఏం లేదమ్మా అన్నాను గాని, రెండో చుక్క పడేదాకా ఊపిరి బిగబట్టే ఉన్నాను.

ఆ చుక్కల్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ప్రింటు పాడైందనో, మచ్చ పడిందనో అనుకుని ఉంటారు. అవి ఆపరేటరు కోసం పెట్టినవి. హాలంతా కూర్చుని చూస్తున్న బొమ్మలోనే, వెనకాల క్యాబిన్‌లో నిలబడ్డ మనిషికి చేసిన సైగ. క్యాబిన్‌లో మెషిన్లు రెండు, ఒకదాంట్లో ఫిల్ము అయిపోతుంటే రెండోది అందుకోవాలి. మొదటి చుక్కకి రెండో మెషిన్ మోటారు వెయ్యాలి. ఏడు సెకన్ల పైచిలుకు ఆగాక రెండో చుక్క వస్తుంది, దానికి బొమ్మ మార్చాలి. ఒక్కో చుక్క ఉండేది నాలుగు ఫ్రేములే, అంటే సెకనులో ఆరో వంతు. రెండోది పోయాక మిగిలే ఫిల్ము సెకనుకి కూడా రాదు. ఆ పైన తెల్ల తెర, ఈలలు.

నిడదవోలులో ఒక హాల్లో 1979లో చేరి ముప్పై మూడేళ్లు పనిచేశాను. రీళ్లు చుట్టే కుర్రాడిగా మొదలుపెట్టి, అసిస్టెంటునై, లైసెన్సు తెచ్చుకుని ఆపరేటర్నయ్యాను. అంతకు ముందు నాకు తెలిసిన సినిమా మెషినల్లా ఇంట్లోదే. మాడిపోయిన బల్బు వెనక భాగం విరగ్గొట్టి అందులో నీళ్లు పోసి, ఎండలో అద్దం పట్టుకుని తలుపు సందులోంచి వెలుగు లోపలికి కొట్టి, హాలు బయట ఏరుకొచ్చిన ఫిల్ము ముక్క అడ్డం పెడితే, మా నాన్న పంచె మీద హీరో తలకిందులుగా నిలబడేవాడు. ఫిల్ము ముక్కని తిరగేసి పెడితే బొమ్మ నిటారుగా పడుతుందని కనిపెట్టిన రోజు నాకింకా గుర్తే. హాల్లో చేరాక చూస్తే, అంత పెద్ద మెషిన్‌లోనూ ఫిల్ము తలకిందులుగానే ఎక్కిస్తున్నారు.

మా పెద్దాపరేటరుని నేను బాబాయ్ అనేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మొదటి ఆరు నెలలు నన్ను మెషిన్ ముట్టుకోనివ్వలేదు. రివైండర్ దగ్గర కూర్చోబెట్టి, "కళ్లు మూసుకుని చుట్టరా అబ్బాయ్" అనేవాడు. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఫిల్ము అంచులు ఆనించి, కుడిచేత్తో హ్యాండిల్ నెమ్మదిగా తిప్పాలి. చిరిగిన రంధ్రం వస్తే వేలికి గరుగ్గా తగులుతుంది. పాత అతుకు ఊడబోతుంటే చిన్న మెట్టులా తెలుస్తుంది. విజయవాడ గాంధీనగర్ ఆఫీసుల నుంచి రేకు పెట్టెల్లో రైలెక్కి వచ్చే ప్రింటు మాదాకా వచ్చేసరికి ఎన్ని ఊళ్లు తిరిగేదో, ఎన్ని మెషిన్ల పళ్లు కరిచేవో. చెడిపోయిన చోట కత్తిరించి, అంచు తడిపి, మందు పూత బ్లేడుతో గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి నొక్కిపట్టేవాళ్లం. ఒక ఫ్రేముకి రంధ్రాలు నాలుగు. ఒక్క రంధ్రం అటూఇటూ అయినా తెర మీద కాళ్లు పైకీ, తల కిందికీ పోయి మధ్యలో నల్ల గీత కనిపిస్తుంది. నా వేళ్లు ఎన్నిసార్లు తెగాయో లెక్కలేదు. ఆరు నెలలయ్యాక ఒకరోజు ఆయన కావాలని ఒక రంధ్రం పక్కన చిన్న గాటు పెట్టి ఇచ్చాడు. నేను అక్కడ ఆగాను. మర్నాడు మెషిన్ దగ్గరికి రమ్మన్నాడు.

కొంచెం లెక్క చెప్పనివ్వండి, లేకపోతే మా పని మీకు అర్థం కాదు. అడుగు ఫిల్ములో 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు పోవాలి, అంటే నిమిషానికి 90 అడుగులు. పెట్టెలో వచ్చే రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. రెండు రీళ్లు అతికి ఒక స్పూలు చేసుకునేవాళ్లం. పదహారు రీళ్ల సినిమాకి ఎనిమిది స్పూళ్లు. ఇంటర్వెల్ తీసేస్తే ఆటకి ఆరుసార్లు మెషిన్ మారాలి. రోజుకి నాలుగాటలు, ఇరవై నాలుగు మార్పులు. ఒక్కటి కూడా హాల్లో ఎవరికీ తెలియకూడదు.

మెషిన్ ఎక్కించడం చెబుతాను. పై డబ్బాలో స్పూలు పెట్టి, లీడరు, అంటే మొదట్లో ఉండే బొమ్మ లేని ఫిల్ము, కిందికి లాగి, పై స్ప్రాకెట్ అనే పళ్ల చక్రానికి తగిలించి, అక్కడ ఫిల్ముని వదులుగా, రెండు వేళ్లు దూరేంత వంపుగా వదలాలి. అది పై లూపు. తర్వాత గేటు, అంటే వెలుగు ఫిల్ములోంచి పోయే చోటు. గేటు కింద మాల్టీస్ క్రాస్ తిప్పే చిన్న స్ప్రాకెట్, దాని కింద మళ్లీ లూపు, ఆ తర్వాత సౌండు డ్రమ్ము, కింది స్ప్రాకెట్, కింది స్పూలు. పైనా కిందా ఫిల్ము ఏటి నీళ్లలా ఆగకుండా పోతుంది. గేటులో మాత్రం ఆగి, అడుగేసి, ఆగి, అడుగేస్తుంది. ఈ రెండు నడకలకీ పొత్తు కుదిర్చేది ఆ లూపే. అది చిన్నదైతే ఫిల్ము తెగుతుంది, పెద్దదైతే గోడకి రాసుకుని గీతలు పడతాయి.

మాల్టీస్ క్రాస్ అంటే నాలుగు గాడులున్న ఉక్కు బిళ్ల, నూనెలో మునిగి ఉంటుంది. పక్కన తిరిగే చక్రానికి ఒక ముల్లు. చక్రం ఒక చుట్టు తిరిగితే ముల్లు ఒక గాడిలో దూరి బిళ్లని పావు చుట్టు తిప్పి బయటకొస్తుంది. ఆ పావు చుట్టుకి ఒక ఫ్రేము దిగుతుంది. మిగతా ముప్పావు వంతు సేపూ ఫ్రేము కదలకుండా నిలబడుతుంది. ఫ్రేము దిగేటప్పుడు షట్టరు రెక్క వెలుగుకి అడ్డం వస్తుంది. నిలబడ్డప్పుడు రెండో రెక్క ఇంకోసారి అడ్డం వస్తుంది. సెకనుకి నలభై ఎనిమిది సార్లు వెలిగి ఆరితేగాని కంటికి మినుకుమినుకు పోదు. కదిలే బొమ్మ అంటాం గాని, తెర మీద కదిలేటప్పుడు ఏ ఫ్రేమునీ ఎవరూ చూడరు. నిలబడినప్పుడే చూస్తారు. ముప్పై మూడేళ్ల తర్వాత కూడా ఈ మాట నాకు ఆశ్చర్యంగానే ఉంది.

సౌండు సంగతి ఇంకా వింత. గేటులో ఉన్న ఫ్రేముకి చెందిన మాట ఆ ఫ్రేము పక్కన ఉండదు. ఇరవై ఫ్రేములు ముందుకి, అంటే పదిహేను అంగుళాలు, మూరకి నాలుగు వేళ్లు తక్కువ దూరంలో ఉంటుంది. కింది లూపు కొలత తప్పితే పెదాలు ఒకలా, మాట ఒకలా. బాబాయ్ తెర వైపు చూడకుండా, క్యాబిన్ స్పీకరు విని, "లూపు పెరిగిందిరా" అనేవాడు. మెషిన్ టకటకలో తేడా తెలిసేదట ఆయనకి. పదేళ్లు పట్టింది నాకది వినపడ్డానికి.

దీపం మరో లోకం. మాది కార్బన్ మెషిన్. దీపపుగూట్లో అద్దం ముందు రెండు కార్బన్లు ఎదురెదురుగా ఉంటాయి, ప్లస్ లావుగా, మైనస్ సన్నగా. రెక్టిఫయర్ నుంచి డీసీ కరెంటు. రెండింటినీ ఒక్కసారి తాకించి వెనక్కి లాగితే నీలి తెలుపు మంట నిలబడుతుంది. నల్లద్దంలోంచి తప్ప చూడకూడదు. అవి అరిగేకొద్దీ ముందుకి జరుపుతూ ఉండాలి. సందు పెరిగినా, మంట పక్కకి జరిగినా తెర పసుపు తిరుగుతుంది. ఎండాకాలం మ్యాటినీకి క్యాబిన్‌లో బనీను పిండితే నీళ్లు కారేవి. ఆట అయ్యాక మిగిలిన కార్బన్ ముక్కల కోసం పిల్లలు గుమ్మంలో నిలబడేవారు, పలక మీద రాసుకోడానికి.

అప్పట్లో చాలా హాళ్లలో ఆపరేటర్లు చుక్క కనబడదేమోనన్న భయంతో పిన్నుతో ఫిల్ము మీద తమ గుర్తు తాము గీసుకునేవాళ్లు. ఒక్కో ప్రింటులో స్పూలు చివర ఐదారు ఇంటూ మార్కులు వరసగా కనిపించేవి. బాబాయ్‌కి అది చూస్తే ఒళ్లు మండేది. "బొమ్మ మనది కాదురా, రేపు ఇంకో ఊరిది" అనేవాడు. ఆయన గీతలన్నీ గోడ మీదే. కొత్త సినిమా వచ్చిన రోజు మొదటాట చూస్తూ, ఒక్కో స్పూలు చివర ఏముందో సుద్దతో రాసేవాడు: మూడు, గుర్రపుబండి మలుపు. నాలుగు, తల్లి దీపం ఆర్పుతుంది. ఐదు, "వెళ్లొస్తాను" అనగానే. ఆ మాట రాగానే లేచి కిటికీ కన్నం దగ్గరికి వెళ్లాలి. సినిమా మారితే గోడ కడగాలి. ఆ కడగడం నా పని.

ఒక తప్పు చెబుతాను. 1984లో అనుకుంటా, మా అమ్మ మొదటిసారి నేను ఆడించే ఆటకి వచ్చింది. వీధిలో ఆడవాళ్లతో కలిసి మ్యాటినీకి. నాలుగో స్పూలు చివర నేను కన్నంలోంచి తెరకి బదులు ఆడవాళ్ల బెంచీల వైపు చూశాను, అమ్మ ఎక్కడుందా అని. తెర వెలుగులో ముఖాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్న మనిషి అమ్మేనా అని చూస్తుండగా మొదటి చుక్క పోయింది. రెండోదీ పోయింది. తెల్ల తెర. ఆ ముఖాలన్నీ ఒక్కసారి వెనక్కి, నావైపు తిరిగాయి. బాబాయ్ ఎప్పుడు లేచాడో తెలీదు, నన్ను పక్కకి తోసి మోటారు వేసి, వెలుగుకి అడ్డం ఉండే డౌజరు రేకు లాగి, సౌండు మార్చాడు. తర్వాత నన్నేమీ అనలేదు. ఫస్ట్ షోకి ఆరు మార్పులూ నాచేతే చేయించి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంటికెళ్తే అమ్మ అంది: "మధ్యలో కరెంటు పోయినట్టుంది కదరా, వెంటనే వచ్చేసిందిలే. బాగా ఆడించావు."

తెలుగు సినిమాకి పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య నాయుడు గారు కూడా సినిమాలు తీయడానికి ముందు ఆడించారు. క్రోనోమెగాఫోన్ తెప్పించుకుని, బొమ్మకీ గ్రామఫోను పాటకీ జత కుదురుస్తూ ఊరూరా తిరిగారు. ఆయన పేరు మీద అవార్డు ఇచ్చినప్పుడల్లా నాకు ఆ మెషిన్ పక్కన నిలబడ్డ మనిషే కళ్లకి కడతాడు. సినిమా పత్రికల్లో ఆపరేటరు మాట ఎక్కడా ఉండదు. ఆ లోటు నాకెప్పుడూ ఉంది, దాచను.

తర్వాతి కథ మీకు తెలిసిందే. మా హాల్లో కార్బన్లు పోయి జినాన్ బల్బు వచ్చింది. పాలిస్టర్ ఫిల్ము వచ్చింది. అది తెగదు, లాగితే మెషిన్ పళ్లే విరుగుతాయి. 2012లో డిజిటల్ పెట్టె వచ్చింది. ఆ ఏడు జనవరిలోనే ఫిల్ము తయారుచేసే కొడాక్ దివాలా పిటిషన్ వేసిందని పేపర్లో చదివాను. మరుసటేడు ఫ్యూజీ వాళ్లు సినిమా ఫిల్ము తయారీ ఆపేశారు. మా రెండు ఫోటోఫోన్ మెషిన్లనీ కిలోల లెక్కన తుక్కువాడికి తూచారు. నేను వెళ్లి, కుడి మెషిన్ మాల్టీస్ క్రాస్ పెట్టె ఒక్కటీ విప్పి ఇమ్మని అడిగి, తూకానికి డబ్బిచ్చి తెచ్చుకున్నాను. పదేళ్లకు పైగా మా బీరువాలో, నూనె గుడ్డలో ఉంది. ఏటా దీపావళి ముందు విప్పి, పాత నూనె తుడిచి, కొత్త నూనె వేసి మళ్లీ చుట్టేవాణ్ణి. ఎందుకని ఇంట్లో అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

పోయిన నెల రాజమండ్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వాళ్ల నాన్నకి టూరింగ్ టాకీస్ ఉండేదట. గోడౌన్లో మెషిన్ దొరికింది, అన్నీ ఉన్నాయి, ఫిల్ము మాత్రం గేటులో వణుకుతోంది, బొమ్మ నిలవడం లేదు అన్నాడు. ఏ మెషిన్ అని అడిగాను. ఫోటోఫోన్ అన్నాడు. గాడులు అరిగిపోయాయన్నమాట. గుడ్డమూట సంచిలో వేసుకుని వంతెన మీదుగా బస్సులో వెళ్లాను.

మధ్యాహ్నమంతా పట్టింది బిగించడానికి. కార్బన్లు లేవు, ఆయన దీపపుగూట్లో ఎల్ఈడీ బల్బు పెట్టించాడు. ఎక్కడో సంపాదించిన ఒక పాత పాట రీలు, మూడొందల అడుగులుంటుందేమో, చేతికిచ్చాడు. ముందు కళ్లు మూసుకుని వేళ్ల మధ్య నడిపాను. రెండు చోట్ల గరుగ్గా తగిలింది, అక్కడ టేపు వేశాను. తర్వాత ఎక్కించాను. పై లూపు, గేటు, కింది లూపు, డ్రమ్ము. ఆయన పదేళ్ల కూతురు స్విచ్ మీద వేలు పెట్టి నిలబడి ఉంది.

"ఇంకా వద్దమ్మా" అన్నాను. నాబు పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పాను. టక్. ఒక ఫ్రేము దిగి నిలబడింది. టక్. ఇంకొకటి. లూపులు రెండూ పైకీ కిందికీ ఊపిరి తీసుకున్నట్టు ఆడాయి. వణుకు లేదు.

"ఇప్పుడు వెయ్యి తల్లీ."