హుస్సేనీ ఆలం గోడ, చాచా చేతులు: పదకొండో ఆదివారం

హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో నీటిరంగుల బొమ్మలు వేస్తూ పదకొండు ఆదివారాలు. దాచుకోదగ్గవి రెండు. ఇప్పటిదాకా లెక్క ఇదీ.

మొదట వెళ్లింది ఖుర్షీద్ జా దేవిడీ కోసమే. నిజాం కొలువులోని పాయిగా అనే ప్రభువంశం వాళ్ల మహలు, యూరప్ పద్ధతిలో ఎత్తైన స్తంభాల వరస. రెండుసార్లు వేశాను, రెండుసార్లూ క్యాలెండర్ బొమ్మే వచ్చింది. అంత పెద్ద కట్టడాన్ని ఇప్పటికే ఎందరో చూసి చూసి అరగదీశారు, నాకేమీ మిగల్చలేదు. అక్కడికి కాస్త దూరంలో ఒక సందులో, పాత ఇంటి ప్రహరీ ఎదురుగా స్టూలు వేసుకున్నాకే పని మొదలైంది.

అది డంగు సున్నం (నూరిన సున్నం) గార. దాని మీద ఏళ్ల తరబడి కొట్టిన వెల్లలు. పెచ్చులూడిన చోట అన్నీ బయటపడ్డాయి: అడుగున లేత గులాబి, దాని మీద పిస్తా పచ్చ, ఆ పైన నీలిమందు కలిపిన తెలుపు. మోకాలెత్తు వరకు చెమ్మ, పొంగిన చౌడు. పైన పగుల్లో రావిమొక్క.

మొదటి నాలుగు బొమ్మలూ ఒకే తప్పుతో పోయాయి. పాతది అనగానే చెయ్యి బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు మీదికి పోతుంది. ఇంటికి తెచ్చి చూస్తే గోడ లేదు, టీ ఒలికిన కాగితం ఉంది. ఐదో దాని నుంచి ఆ ట్యూబు ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నాను. బూడిదరంగు కావాలంటే అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు కలిపితే చాలు. నీలం ఎక్కువైతే చెమ్మ, సియెన్నా ఎక్కువైతే ఎండ తగిలిన గార.

పని చేసిన పద్ధతి: వెల్ల వేసినవాడి వరసలోనే రంగు వెయ్యడం. 300 జీఎస్ఎం కోల్డ్ ప్రెస్ కాగితం (మందంగా, కాస్త గరుకుగా ఉండేది) మీద ముందు గులాబి వాష్, అంటే నీళ్లు ఎక్కువ కలిపిన పల్చటి పూత. అది పూర్తిగా ఆరాక, గులాబి కనిపించాల్సిన చోట మామూలు కొవ్వొత్తితో రుద్దాలి, మైనం మీద పై రంగు అంటదు. తర్వాత పచ్చ. మళ్లీ ఆరాక, పచ్చ మిగలాల్సిన చోట కొవ్వొత్తి. చివరి తెలుపుకి గ్వాష్ (అడుగు కనిపించని చిక్కటి నీటిరంగు), ఒకే ఊపులో. రెండోసారి కుంచె తిప్పితే అడుగు రంగు లేచి బురదవుతుంది. రుద్దిన మైనం ఇక పోదు కాబట్టి ఎక్కడ రుద్దాలో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, నాలాగా ఊహించుకుంటూ రుద్దకండి. చౌడుకి తడి మీద చిటికెడు ఉప్పు. సన్న పగుళ్లకి తడి రంగు మీద పాత ఏటీఎం కార్డు అంచు. మే నెలలో వాష్ సగంలోనే ఎండిపోతుంటే నీళ్లలో రెండు చుక్కల గ్లిజరిన్ వేశాను. వానాకాలంలో ఆ పని చెయ్యొద్దు, రాత్రికి కూడా ఆరదు.

ఆ గోడకి ఆనుకుని ఒక ముసలి దర్జీ కూర్చుంటాడు, నేను చాచా అంటాను. ఇప్పుడు గుండీలు, అంచులు కుట్టడమే. చెయ్యి వణుకుతుంది, సూదిలో దారం ఎక్కించడానికి పక్క కొట్టు పిల్లవాణ్ణి పిలుస్తాడు. బొమ్మ వేయనా అని అడిగితే వేసుకోమన్నాడు. ఏడో ఆదివారం, గోడతో వచ్చిన ధైర్యంతో ఆయన చెంపలకీ అదే పొడి కుంచె, అవే గీతలు వాడేశాను. బొమ్మ చూసి, "ఏంది బేటా, నాక్గూడ సున్నం రాలిందా?" అన్నాడు. నవ్వాడు గానీ, నాకు మొహం చెల్లలేదు.

ముడతని పగులులా వేస్తే తప్పు. గోడ ఎండి పెళుసవుతుంది, ముసలి చర్మం పల్చబడుతుంది. లోపలి నీలం, ఎరుపు పైకి తెలుస్తాయి. అందుకని తడి మీద తడి: యెల్లో ఓకర్ (మట్టి పసుపు), కొంచెం అలిజరిన్ ఎరుపు, కణతల దగ్గర పల్చటి కోబాల్ట్ నీలం. ముడతకి గీత లేదు, నీడ ఒక పక్కన కరిగిపోతుంది. గట్టి అంచులు రెండే, కళ్లద్దాల దారానికీ వేలికున్న అంగుస్తానాకీ (సూది గుచ్చుకోకుండా తొడిగే తొడుగు). వణుకు ఎలా చూపాలో తెలియక మూడు కాగితాలు తగలేశాను. చివరికి సూది పట్టుకున్న వేళ్ల అంచుని రంగు ఆరకముందే తడి కుంచెతో సగం తుడిచేస్తే కుదిరింది.

లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న 1669 నాటి స్వీయచిత్రంలో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ రెండు చేతులూ ఒకదానిలో ఒకటి ముడుచుకుని ఉంటాడు. అరవైమూడేళ్లు, అదే ఏడాది పోయాడు. ఎక్స్‌రేలో చూస్తే మొదట చేతిలో కుంచె వేసి, తర్వాత తీసేశాడని తేలింది. చాచా చేతిలో సూదిని ఉంచాలా వద్దా అని ఈ వారమంతా అదే ఆలోచన. ఉంచుతున్నాను, దారం లేకుండా.

పన్నెండో వారానికి పెద్ద కాగితం కోసి పెట్టుకున్నా. చాచా మాత్రం ఈసారి టోపీ ఇస్త్రీ చేయించుకుని వస్తానన్నాడు.