టిన్ను నీళ్లు

మొన్న మా ఊరెళ్లాను. భీమవరానికి దగ్గరే. ఆ రోజు గ్రామసభ అని మైకులో చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. సర్పంచి గారు, కార్యదర్శి గారు, ఇంకో పదకొండు మంది. మంచినీళ్ల చెరువు సంగతేంటని నేనే లేచి అడిగాను. పక్కనున్న బాబాయ్ చొక్కా లాగి, "ఆ నీళ్లెవరు తాగుతున్నార్రా ఇప్పుడు? అందరం ప్లాంటు నీళ్ల టిన్నే కదా" అన్నాడు.

నిజమే. నా చిన్నప్పుడు వేసవికి కాలువల్లో నీళ్లు ఆపేసేలోపు చెరువు నిండకపోతే ఊరంతా పంచాయతీ మీద పడేది. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి కూర్చునేవారు. ఇప్పుడు నీళ్లు బాగోకపోతే ఇంకో ప్లాంటుకి మారిపోతాం, అంతే. టిన్ను కొనలేనివాళ్లు మాత్రం ఆ చెరువు నీళ్లే కాచుకుంటున్నారు. వాళ్లతో కలిసి గొడవపడాల్సిన మనం సభకే రావడం లేదు. 1992లో 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకి చోటైతే ఇచ్చింది, మనుషుల్ని ఎక్కణ్నుంచి తెస్తుంది?

చుట్టూ రొయ్యల చెరువులు. 2009లో మన దేశంలో సాగుకి అనుమతి వచ్చిన వనామీ రొయ్య అసలు మెక్సికో, పెరూ తీరాలది. మన దగ్గర ఎక్కువ కొనేది అమెరికా. 2025లో వాళ్లు సుంకం 50 శాతానికి పెంచితే మా గట్ల మీద ఒకటే టెన్షన్. నాన్నకి ట్రంప్ రోజూ ఏమంటున్నాడో తెలుసు, మా వార్డు మెంబరు ఎవరో తెలీదు. (నాకూ తెలీదు లెండి.)

సభ అయ్యాక టీ ఇచ్చారు. ఏ నీళ్లతో కాచారండీ అని అడిగాను. కార్యదర్శి గారు నవ్వి, మూలనున్న టిన్ను చూపించారు.